చూలాలి జీతము

జీతమునకు పనిచేయు స్త్రీ చూలాలైనచో ఆ నెలల జీతమేమి కావలయునను ప్రశ్న పంతులమ్మల విషయమునను, దాదుల విషయమునను, కచేరీలలో గుమాస్తా పని చేయువారి విషయమునను మనమెఱిగినదే. బంతియాటయే వృత్తిగా గల స్త్రీ విషయమున గూడ నిది తలయెత్తునని మనలో ననేకులు తలపోసి యుండరు. ఆటయనగా పిల్లల వేడుకయని యెంచువారికి, ఆటగత్తెకు జీతమేమి, ఒడంబడిక యేమి, అందులో పురిటి సెలవేమి యని వింతగనే తోచును. కాని ఐరోపాఖండమున ఫుట్‌బాలు ఆడు స్త్రీలు పెక్కండ్రు నేడు నెలజీతమునకు, వ్రాతపూర్వకమగు ఒడంబడికకు కట్టుబడి పనిచేయుచున్నారు. వారిలో మిక్కిలి పేరొందిన యొక క్రీడాకారిణి, లోకములో మొదటి శ్రేణికి చెందిన తన జట్టుపైననే జీతము కొఱకు ఫిర్యాదు చేసి 2022వ సంవత్సరమున గెలిచినది. ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించుచున్నాను.

ఆమె పేరు సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్. ఐస్లాండు దేశస్థురాలు. పేరు పొడవును జూచి బెదరనక్కఱలేదు. ఆ దేశమున సాధారణముగా మనకున్నట్లు ఇంటిపేర్లుండవు. తండ్రి పేరునకు కూతురను మాట చేర్చి వాడుదురు. గున్నార్ కూతురు సారా యని యర్థము. పెండ్లియైనను స్త్రీకి ఈ పేరు మారదు. మనలో ఇంటిపేరు మార్చుకొనుటకు బెంగపడిన నవవధువులు ఈ యాచారమును విని సంతసింతురేమో!

ఐస్లాండు ఉత్తరసముద్రముల నడుమనున్న చిన్న ద్వీపము. జనసంఖ్య సుమారు 4 లక్షలు మాత్రమే. అనగా మన జిల్లాలలో నొక చిన్న భాగమునకు సరిపోవును. ఐనను స్త్రీల విషయమున ఆ దేశపు చరిత్ర చిన్నది కాదు. 1975వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన అచ్చటి స్త్రీలలో నూటికి 90 మంది కచేరీ పనిని, ఇంటి పనిని గూడ మాని వీథులలోనికి వచ్చిరి. ఆ దినమున బిడ్డలను జూచుకొనుభారము పురుషులపై బడెను. పిమ్మట అయిదేండ్లకు, 1980లో, విగ్దీస్ ఫిన్‌బొగదోత్తిర్ అను నామె ఆ దేశాధ్యక్షురాలుగా నెన్నికయ్యెను. ప్రజల యోట్లతో దేశాధ్యక్షపదవి నందిన స్త్రీలలో లోకమున ఆమెయే మొదటిది. సారా 1990లో పుట్టినది. తనకు రావలసినదానిని అడుగుట సిగ్గుమాలిన పనియని భావింపని తల్లులున్న సమాజమున నామె పెరిగినదని యీ మాట చెప్పుచున్నాను.

ఆమె బాల్యముననే ఆట నేర్చి, 2011లో స్వీడను దేశమునందలి మాల్మో నగరపు జట్టులో చేరి నాలుగుమార్లు ఆ దేశ విజేతల జట్టున నుండెను. 2016లో జర్మనీకి పోయి వోల్ఫ్స్‌బర్గు జట్టున నాలుగేండ్లాడి, ఆ నాలుగేండ్లును ఆ దేశపు పెద్దపందెము గెలుచుటలో పాలుపంచుకొనెను. స్వదేశపు జట్టునకు నాయకురాలయ్యెను. 2020వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరపు క్లబ్బు ఆమెను రెండేండ్ల ఒడంబడికపై దీసికొనెను. స్త్రీల ఫుట్‌బాలులో లియానుకు మించిన పేరుగల జట్టు ఐరోపాలో నాటికి లేదు. ఆ ఆగష్టు 30వ తేదీన స్పెయిను దేశమున జరిగిన ఐరోపా చాంపియన్ల పోటీ చివరి యాటలో లియాన్ గెలిచెను. ఓడినది సారా నిన్నమొన్నటిదాక ఆడిన వోల్ఫ్స్‌బర్గు జట్టే. లియానుకు మూడవ గోలు చేసినది సారాయే. క్రొత్తయింట నడుగిడిన కొలది వారములలో ఇంతటి గౌరవము దక్కిన కోడలిని ఆ యింటివారు ఎట్లు చూచుకొందురని మనమనుకొందుమో అట్లే జరుగునని ఆమెయు ననుకొని యుండును.

2021వ సంవత్సరారంభమున ఆమె తాను చూలాలనని తెలిసికొనెను. ఆటగత్తెకు ఈ వార్త సంతోషముతో బాటు భయమును గూడ దెచ్చును. ఆమె మొదట జట్టు వైద్యులకు మాత్రము చెప్పెను. వేవిళ్లు పట్టుకొనెను. వాంతులగుచున్నను అభ్యాసమునకు పోవుచు, తోటివారికి తెలియకుండ కొన్నాళ్లు దాచవలసి వచ్చెనని ఆమెయే పిమ్మట వ్రాసినది. వేవిళ్లతోనే పొయ్యి దగ్గఱ నిలువలేక నిలిచిన మన స్త్రీలకు ఈ సంగతి విశేషించి చెప్పనక్కఱలేదు. పరుగులు, త్రోపులు, బంతిదెబ్బలు గల యాటలో నా స్థితి యెట్లుండునో యూహించుకొనవలసినదే. పిమ్మట క్లబ్బువారితో మాటలాడి, వారి యనుమతితో, ఏప్రిలు నెలలో పురిటికి పుట్టినదేశమునకు వెళ్లినది. మన యాడపడుచులు పుట్టినింటికి పోవుటవంటిదే యిది. ఆ నవంబరులో ఆమెకు కుమారుడు కలిగెను.

నడుమ జరిగినదే ముఖ్యమైన సంగతి. ఐస్లాండు చేరిన పిమ్మట జీతపు దినమున ఆమె బ్యాంకు లెక్క చూచుకొనగా, క్లబ్బునుండి రావలసిన సొమ్ము రాలేదు. ఫ్రెంచి ప్రభుత్వపు సాంఘికభద్రతా నిధినుండి వచ్చిన కొలది మొత్తము మాత్రము పడియుండెను. లెక్కలో పొరపాటని ఆమె మొదట ననుకొనెను. మఱుసటి నెలయు నట్లే యయ్యెను. ఆమె తరఫున వ్యవహారము చూచు ప్రతినిధి క్లబ్బునకు వ్రాసెను. ఫ్రెంచి చట్టము ప్రకారము తామంతకు మించి యీయనక్కఱలేదని వచ్చిన జవాబు. ఆ సొమ్ములేనిదే సారా పస్తుండునా యని యెవరైన నడుగవచ్చును. ఉండదు. కాని యీ ప్రశ్న మనము పురుషోద్యోగి విషయమున నడుగుట లేదు. రావలసిన జీతము రాకున్నచో పురుషుడు అక్కఱగలవాడా, లేనివాడా యని విచారింపము. ఎందుకు రాలేదని మాత్రమే విచారింతుము.

ఇచ్చట ఈ యాటకు సంబంధించిన ఒడంబడికల తీరును గొంత చెప్పవలెను. కచేరీలో గుమాస్తాకు యజమానితో సరిపడనిచో నెలదినముల ముందు తెలిపి మఱియొక కచేరీకి పోవచ్చును. ఆటగత్తెకు సామాన్యముగా నది వీలుపడదు. ఒడంబడిక గడువు తీఱువఱకు ఆమె పేరు ఆ క్లబ్బు పుస్తకముననే నమోదై యుండును. క్లబ్బు ఒప్పుకొన్నగాని వేఱొక జట్టునకాడజాలదు. ఒప్పుకొన్నను, ఏడాదిలో జట్లు మారుటకు నియమింపబడిన కొలది వారములలోనే పోవలెను. ఆడించుటయు, కూర్చుండబెట్టుటయు క్లబ్బు చేతిలోని పని. ఎంత పేరుగలవారైనను నాలుగు నెలలు కూర్చుండబెట్టినచో ఆ పేరు మాసిపోవును. కావుననే ఆటగత్తెలు క్లబ్బుతో తగవు పెట్టుకొనుటకు వెఱతురు. ప్రపంచపు ఆటగాండ్ర సంఘమగు ఫిఫ్‌ప్రో 2017లో 3,000కు పైబడిన స్త్రీ క్రీడాకారులను విచారింపగా, వారిలో బిడ్డలున్నవారు నూటికి ఇద్దఱు మాత్రమే యని తేలెను. కుటుంబము నేర్పఱచుకొనుటకై ముందుగనే ఆట మానుదుమని చెప్పినవారు నూటికి 47 మంది. బిడ్డయా, బంతియా యని యెంచుకొనుమనగా వారేమి చేయగలరు?

ఈ స్థితిని మార్చుటకు ఫుట్‌బాలు వ్యవహారముల కెల్ల పెద్దదియగు ఫీఫా సంస్థ 2020 డిసెంబరులో కొన్ని నిబంధనల నంగీకరించి, 2021 జనవరి 1వ తేదీనుండి అమలునకు దెచ్చెను. వాని ప్రకారము చూలాలైన యాటగత్తెకు కనీసము 14 వారముల పురిటి సెలవీయవలెను. అందులో 8 వారములైనను ప్రసవానంతరము ఉండవలెను. ఆ సెలవు దినములకు ఒడంబడిక జీతములో మూడింట రెండు వంతులకు తక్కువ గాకుండ నీయవలెను. సెలవునకు ముందు, ఆడగలిగినంత కాలము ఆడుటకును, ఆడలేనప్పుడు క్లబ్బులో మఱియొక తగిన పని చేయుటకును ఆమెకు హక్కు గలదు. తిరిగి వచ్చిన తల్లిని మరల జట్టులో చేర్చుకొనవలెను, బిడ్డకు పాలిచ్చుటకు వసతి చూపవలెను. చూలాలైనదను కారణమున ఒడంబడికను తెంచిన క్లబ్బు, మిగిలిన గడువు జీతముతో బాటు ఆఱు నెలల జీతము అదనముగ నిచ్చుకొనవలెను. అంతేగాక కొంతకాలము క్రొత్త ఆటగత్తెలను చేర్చుకొను నధికారమును గోల్పోవును. నిబంధనలు చక్కగనే యున్నవి. సారా సంగతి వచ్చునప్పటికి వాని వయస్సు మూడు నాలుగు నెలలు. వానిని బట్టి ఇంతటి క్లబ్బుపై నడిగినవా రింకను లేరు.

ఆమె ఫిఫ్‌ప్రో సంఘము నాశ్రయించెను. సంఘమువారు క్లబ్బునకు వ్రాసిరి. ఫలము లేకపోయెను. ఫీఫా యొద్దకు పోవుటయే మిగిలెను. అట్లు పోయినచో ఇక లియాను క్లబ్బులో ఆమెకు భవిష్యత్తుండదని క్లబ్బు అధికారి యొకరు తన ప్రతినిధితో ననినట్లు సారా వ్రాసినది. నెలలు నిండుచున్న స్త్రీకి, చుట్టునున్నవారు మంచిమాటలు చెప్పి మనస్సును కుదుటపఱుపవలసిన కాలమున, ఇట్టి మాట చేరెను. ఆమె ఫీఫాకు ఫిర్యాదు చేసెను. ఆ నెలలలో క్లబ్బునుండి యెవరును తన యారోగ్యమెట్లున్నదని విచారింపలేదనియు ఆమె వ్రాసినది. సొమ్ము సంగతికన్న ఈ యూరకుండుటయే ఆమెను ఎక్కువ నొప్పించినట్లు ఆ వ్రాతను జదివినవారికి తోచును.

2022 జనవరిలో ఆమె రెండు నెలల బిడ్డతో లియానునకు మరలి వచ్చెను. ప్రసవించిన దేహమును మరల పోటీకి తగినట్లు సిద్ధపఱచుకొనుట సామాన్యమైన పని కాదు. మన యిండ్లలో బాలింతను మూడు నెలలు గడప దాటనీయరు. మందులనియు, పథ్యమనియు పెద్దలు కనిపెట్టియుందురు. ఈమె మంచు కరగని మాసములలో మైదానమున పరుగెత్తుట కారంభించెను. దూరప్రాంతములకు ఆటకు పోవునప్పుడు పాలు త్రాగు బిడ్డను వెంట దీసికొనిపోవుటకు అనుమతింపలేదని ఆమె చెప్పినది. బిడ్డ యేడ్చినచో తక్కిన ఆటగత్తెలకు ఇబ్బంది యగునను కారణము చెప్పిరట. పాలిండ్లు నిండి నొప్పులు పుట్టినను ఓర్చుకొనుచు పరస్థలమున గడపుట యెట్టిదో పురుషాధికారులకు తెలియకపోవుట వింత కాదు. తెలిసినవారిని అడిగిన బాగుండెడిది.

ఆ మే నెలలో ఫీఫా తీర్పు చెప్పెను. క్లబ్బువారి వాదమును ఇచ్చట న్యాయముగ చెప్పుట అవసరము. ఫ్రెంచి చట్టమున నేమి యున్నదో దానిని తాము పాటించితిమనియు, ఆమెకు తగిన సహాయమే చేసితిమనియు వారి వాదము. ఇది బొత్తిగ నిరాధారమైన మాట కాదు. వ్యాపారము చేయువాడు దేశచట్టము చెప్పినదానికి మించి యేల యీయవలెనని యడుగును. కాని ఆ క్లబ్బు ఫీఫా నిబంధనలకు లోబడియే ఆటలాడుచు, ఆటగాండ్రను కొనుచు, అమ్ముచు లాభము బొందుచున్నది. లాభమునకు ఫీఫా, జీతమునకు ఫ్రెంచి చట్టము అనుట చెల్లదు. సత్రమున భోజనము చేసి, చెంబు కడుగుమన్నప్పుడు మా యింట ఆ యాచారము లేదనినట్లుండును. ఆడలేని స్థితిలో ఆమెకు తగిన వేఱొక పని చూపవలసిన బాధ్యత క్లబ్బునదే యనియు, అది చూపనప్పుడు ఆమె పనిచేయలేదని జీతము తగ్గించుటకు వీలులేదనియు తేలెను. గర్భిణిగా నున్న కాలమునకు, పురిటి సెలవు మొదలగు వఱకు, ఆమెకు పూర్తి జీతము చెల్లవలెను.

బాకీ సొమ్ము 82,094 యూరోలు. మన రూపాయలలో నాటి ధరకు 65 లక్షలకు పైమాట. దానిపై నూటికి 5 చొప్పున వడ్డీ గూడ నిమ్మని ఉత్తరువైనది. 45 దినములలో చెల్లింపనిచో క్రొత్త ఆటగత్తెలను చేర్చుకొనకుండ నిషేధము. ఆ నెలలోనే లియాను జట్టు మరల ఐరోపా చాంపియన్ల పోటీని గెలిచినది. కావున ఆ క్లబ్బు పేదఱికముచేత జీతము బిగబట్టినదని యనుకొనుటకు వీలులేదు.

సారా ఒడంబడిక జూనులో ముగిసెను. ఆమె లియాను విడిచి ఇటలీ దేశపు జువెంటస్ జట్టున చేరినది. ఆ జులైలో ఇంగ్లండున జరిగిన ఐరోపా దేశముల పోటీలో ఐస్లాండు నాయకురాలిగ మూడాటలాడినది. బెల్జియము, ఇటలీ, ఫ్రాన్సు — మూడింటితోను ఆ చిన్న దేశము 1-1గా సమానముగ నిలిచెను. బిడ్డ పుట్టి అప్పటికి ఎనిమిది నెలలు. 2023 జనవరిలో తన దేశపు జట్టునుండి విరమించునాటికి ఆమె దేశము తరఫున 145 ఆటలాడి యుండెను. అదే నెలలో ఆమె తన సంగతి నంతయు ఒక పత్రికకు వ్రాసి ప్రకటించినది. తీర్పు వచ్చి అప్పటికి నెలలు గడచినను లోకమునకు తెలిసినది ఈ వ్రాతవలననే. లియాను క్లబ్బు తాము ఫ్రెంచి చట్టమునే పాటించితిమని మరల జవాబు చెప్పెను.

మన దేశమున ఇట్టి హక్కు క్రొత్తది కాదు. 1929లోనే బొంబాయి రాష్ట్రమున, అటుపిమ్మట మద్రాసు రాష్ట్రమున, కర్మాగారములలో పనిచేయు స్త్రీలకు పురిటి భత్యమును గూర్చి చట్టములు పుట్టినవి. 1961లో దేశమునకెల్ల వర్తించు చట్టము 12 వారముల సెలవు జీతముతో నిచ్చెను. 2017లో, మొదటి యిద్దఱు బిడ్డల విషయమున, దానిని 26 వారములు చేసిరి. ఫీఫా యిచ్చునది 14 వారములే గావున లెక్కకు మనమే మిన్న. కాని వరినాట్లకు పోవు కూలి స్త్రీ చూలాలైనచో ఆ 26 వారములు ఆమె దరికి రావు. పనిలోనికి పోని దినమున ఆమెకు కూలి లేదు. ఇండ్లలో అంట్లు తోము మనిషి నెలలు నిండి మానుకొన్నప్పుడు ఆ నెల జీతము చేతబెట్టిన యిల్లాండ్రు మనలో నెంతమంది గలరో ఎవరికివారు తలచుకొనవచ్చును. ఇది ఫుట్‌బాలు సంగతి కాదు గాని, సారా కథ చదువుచున్నప్పుడు నాకు మాటిమాటికి గుర్తునకు వచ్చినది.

2024 జూను 1వ తేదీనుండి ఫీఫా తన నిబంధనలను మఱికొంత విస్తరించినది. పెంపుడు బిడ్డను దెచ్చుకొన్న యాటగత్తెకు గూడ సెలవు గలదు. నెలసరి బాధవలన ఆటకు రాలేని దినములకు జీతము తగ్గింపరాదని చేర్చిరి. జట్లకు శిక్షణ నిచ్చు స్త్రీలకును ఈ హక్కులు వర్తించును. సారా ఆ యేటనే జువెంటసును విడిచి సౌదీ అరేబియాలోని అల్ ఖాద్సియా జట్టునకు వెళ్లినది.

నాడు లియాను జట్టులోనే అమెల్ మజ్రీ యను మఱియొక యాటగత్తె యుండెను. ట్యునీషియాలో పుట్టి, ఫ్రాన్సు తరఫున ఆడిన స్త్రీ. సారా క్లబ్బును విడిచిన వేసవిలోనే, 2022 జులైలో, ఆమెకు ఆడుబిడ్డ కలిగెను. మజ్రీ తన క్లబ్బులోనే మరల ఆటకు వచ్చెను. 2023 ఏప్రిలులో ఫ్రాన్సు జాతీయ జట్టు అభ్యాస శిబిరమునకు పిలుపు రాగా, తొమ్మిది నెలల బిడ్డతోను, బిడ్డను జూచుకొను దాదితోను కలిసి వెళ్లినది. ఆ జట్టు చరిత్రలో శిబిరమునకు బిడ్డ వచ్చుట అదియే మొదటిసారి. ఆ యేటి ప్రపంచపు పోటీకి ఆస్ట్రేలియాకు గూడ ఆ పిల్ల తల్లితో బోయినది.